రోడ్ బైక్ కొనేముందు టేపు పట్టుకోండి: ఫ్రేమ్ సైజు, నొప్పుల్లేని సెట్టింగ్, పనికొచ్చే నంబర్లు

మన సీమలో రోడ్ బైక్ ఎక్కి చూసి కొనే వీలు చానా తక్కువ. అనంతపురంలో, కడపలో గేర్ సైకిళ్లు బాగానే దొరుకుతాయి గానీ డ్రాప్ హ్యాండిల్ (కిందికి వంగిన హ్యాండిల్) బైకులు ఒకే మోడల్లో మూడు సైజులు పక్కపక్కన నిలబెట్టి చూసుకోమనే షాపు కావాలంటే మాత్రం అనంతపురం వాళ్లం బెంగళూరుకి, కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కి పోవాల, ఎటు పోయినా 200 కిలోమీటర్లు పైమాటే. అందుకే చాలామంది ఆన్‌లైన్‌లో ఫొటో చూసి, లేకుంటే ఎవరో అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్‌లో తీసేసుకుంటారు. నేనూ అట్లే కొన్నా. నా ఎత్తు 169 సెంటీమీటర్లు, కొన్నది 56 ఫ్రేమ్ (సీటు గొట్టం పొడవు, సెంటీమీటర్లలో), ఆఫర్‌లో ఆ ఒక్క సైజే ఉంది, "స్టెమ్ చిన్నది వేస్తే సరిపోతాది సార్" అన్నారు, నమ్మినా. స్టెమ్ అంటే హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే చిన్న ముక్క. మొదటిసారి తాడిపత్రి పోయి వచ్చేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు రెండూ తిమ్మిరెక్కి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయినా, మెడ రెండు రోజులు తిరగలేదు. ఎనిమిది నెలలు స్టెమ్ మార్చి, సీటు జరిపి, గ్లవ్స్ మార్చి చూసి చివరికి నష్టానికి అమ్మి 52 తీసుకున్నా. అదే చేతులతో గుత్తి దాకా పోయి తిరిగొచ్చినా, ఏ తిమ్మిరీ లేదు. ఆ ఎనిమిది నెలలు ఇంకెవరికీ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా. వరస మార్చొద్దు: ముందు ఒళ్లు కొలవాల, తర్వాత ఫ్రేమ్, తర్వాత సీటు, తర్వాత హ్యాండిల్, ట్రైనింగ్ నంబర్లు అన్నిటికంటే ఆఖర్న.

మొదటి పని: గోడకి ఆనుకుని కాళ్ల పొడవు కొలవడం

కావలసినవి ఒక గట్టి అట్ట పుస్తకం, పెన్సిల్, స్టీల్ టేపు, సాయానికి ఒక మనిషి. చెప్పులు తీసేసి, సైక్లింగ్ షార్ట్స్ ఉంటే అవి వేసుకుని గోడకి వీపు ఆనించి నిలబడండి, పాదాల మధ్య జానెడు కంటే కొంచెం తక్కువ ఎడం. నేల సమంగా ఉండాల, మన ఇళ్లలో కడప బండలు పరిచిన గది ఉంటే సరే గానీ రెండు బండల అతుకు దగ్గర ఎగుడుదిగుడు ఉంటాది, ఒకే బండ మీద నిలబడండి. పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి పైకి నొక్కండి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి పడతాదో అంత గట్టిగా నొక్కాల, ఇక్కడ మొహమాటపడితే కొలత రెండు సెంటీమీటర్లు తక్కువ వస్తాది, తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి. పుస్తకం వెన్ను గోడకి ఆనుకుని ఉండాల, దాని పై అంచు దగ్గర పక్కమనిషి గీత పెడతారు. నేల నుంచి ఆ గీత దాకా ఉండేదే ఇన్‌సీమ్. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. ప్యాంటు కుట్టే టైలర్ చెప్పే కాలు పొడవు ఇది కాదు, అది ఎప్పుడూ తక్కువే ఉంటాది, దాన్ని వాడొద్దు.

ఇంకో రెండు కొలతలు కూడా అప్పుడే తీసుకోండి. ఒకటి భుజాల వెడల్పు, అంటే భుజం పైన వేలితో నొక్కితే తగిలే ఎముక కొన నుంచి అవతలి ఎముక కొన దాకా, హ్యాండిల్ వెడల్పు దీన్నిబట్టే. రెండోది కూర్చునే ఎముకల మధ్య దూరం. దానికి ఒక అట్టపెట్టె ముక్క, గీతలు గీతలుగా లోపల మడతలుండే అట్ట, గట్టి స్టూలు మీద వేసి, పాదాల కింద చిన్న పీట పెట్టుకుని మోకాళ్లు పైకి వచ్చేట్టు రవ్వంత ముందుకి వంగి ఒక నిమిషం కూర్చోండి. లేచి చూస్తే రెండు గుంతలు కనపడతాయి, చాక్‌పీస్ అడ్డంగా రుద్దితే ఇంకా బాగా తెలుస్తాయి. ఒక గుంత నడిమి నుంచి ఇంకో గుంత నడిమికి కొలవండి, దానికి సుమారు 2 సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు దగ్గర దగ్గర వచ్చేస్తాది.

రెండో పని: లెక్క

ఇన్‌సీమ్‌ని 0.883తో గుణిస్తే క్రాంకులు (పెడళ్లు బిగించే కడ్డీలు) తిరిగే నడిమి బిందువు, అంటే బాటమ్ బ్రాకెట్ నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తాది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ఈ లెక్క ప్రచారంలోకి వచ్చింది. ఇంకో పాత లెక్క, ఇన్‌సీమ్‌లో 109 శాతం, ఇది పెడల్ కిందికి ఉన్నప్పుడు పెడల్ ఇరుసు నుంచి సీటు పైకి. రెండూ వేసి చూసుకోండి. ఇన్‌సీమ్ 80 అనుకుంటే మొదటి లెక్కకి 70.6 వస్తాది, రెండో లెక్కకి 87.2, దాంట్లోంచి 17 సెంటీమీటర్ల క్రాంక్ తీసేస్తే 70.2. నాలుగు మిల్లీమీటర్ల తేడా అంతే. రెండిట్లో తక్కువ దాంతో మొదలుపెట్టండి, పైకి లేపడం ఎప్పుడైనా లేపొచ్చు.

ఫ్రేమ్ సైజుకి ఇన్‌సీమ్‌ని 0.65తో ఒకసారి, 0.67తో ఒకసారి గుణించండి. 80కి 52, 53.6 వస్తాయి, అంటే 52కీ 54కీ మధ్య మనిషి. నాది 78, లెక్కకి 50.7, 52.3. ఈ లెక్క చేసుకుని ఉంటే 56 వైపు చూసేవాణ్ణే కాదు. అయితే ఈ గుణకారం పై గొట్టం నేలకి సమాంతరంగా ఉండే పాతకాలం ఫ్రేముల కోసం పుట్టింది, ఇప్పటి ఫ్రేముల్లో పై గొట్టం వెనక్కి వాలి ఉంటాది కాబట్టి సీటు గొట్టం పొడవుకి అర్థం తగ్గిపోయింది. ఒక కంపెనీ ఎమ్ అంటే 52, ఇంకొకళ్ల ఎమ్ అంటే 54. కాబట్టి ఈ నంబరు ఎన్నో పేజీ చూడాలో చెప్తాది అంతే, కొనమని చెప్పదు.

మూడో పని: స్టాక్, రీచ్ చదవడం నేర్చుకోండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలను అంటే ఇది పెట్టుకోండి. స్టాక్ అంటే బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందుండే పొట్టి గొట్టం) పై అంచు దాకా నిట్టనిలువు ఎత్తు. రీచ్ అంటే అదే నడిమి నుంచి అదే అంచు దాకా అడ్డం దూరం. ఇవి రెండూ కంపెనీ వెబ్‌సైట్‌లో జామెట్రీ పట్టికలో మిల్లీమీటర్లలో ఉంటాయి, స్టిక్కర్ మీద ఏ అక్షరం రాసుకున్నా ఈ రెండు నంబర్లని దాచలేరు. 54 సైజు రేస్ ఫ్రేమ్ అయితే స్టాక్ 540 చుట్టుపక్కల, రీచ్ 385 చుట్టుపక్కల ఉంటాది, అదే 54 ఎండ్యూరెన్స్ (ఎక్కువ దూరాలకి చేసిన) ఫ్రేమ్ అయితే స్టాక్ 575 దాకా పోతాది, రీచ్ 375కి తగ్గుతాది. పేరుకి రెండూ 54 ఏ, హ్యాండిల్ మాత్రం మూడున్నర సెంటీమీటర్లు తేడా. ఆఫీసులో రోజంతా కూర్చునే మనిషి, నడుం వంచితే వేళ్లు పాదాల దాకా పోని మనిషి రేస్ ఫ్రేమ్ తీసుకుంటే నలభై కిలోమీటర్లకే నడుం పట్టేస్తాది, అది బలం లేక కాదు, ఫ్రేమ్ వల్ల.

కొన్న తర్వాత ఎంత సరిచేసుకోవచ్చో కూడా తెలుసుకోవాల, లేకుంటే నాకు చెప్పినట్టు మీకూ చెప్తారు. స్టెమ్ కింద 10 మిల్లీమీటర్ల స్పేసర్ (ఉంగరం లాంటి బిళ్ల) వేస్తే హ్యాండిల్ దాదాపు అంత పైకి వస్తాది, దాంతోపాటే 3 మిల్లీమీటర్లు మీ వైపుకీ వస్తాది. 100 మిల్లీమీటర్లు, 6 డిగ్రీల స్టెమ్‌ని తలకిందులు చేసి బిగిస్తే దాదాపు 2 సెంటీమీటర్లు పైకి. స్టెమ్ 100 నుంచి 80కి మారిస్తే 2 సెంటీమీటర్లు దగ్గరికి. ఇంతే, ఇంతకు మించి లేదు. 80 కంటే చిన్న స్టెమ్ వేయాల్సి వస్తే అది మీ ఫ్రేమ్ కాదని అర్థం, హ్యాండ్లింగ్ కూడా వణికినట్టు అవుతాది. రెండు సైజుల మధ్య ఊగుతుంటే నా మాట చిన్నది తీసుకోమనే, చిన్న ఫ్రేమ్‌కి స్టెమ్ పెంచొచ్చు, సీటు పోస్ట్ లేపొచ్చు, పెద్ద ఫ్రేమ్‌ని కోసి చిన్నది చేయలేం. కాళ్లు పొట్టి, నడుం పొడుగు ఉన్నవాళ్లకి మాత్రం పెద్ద సైజు రీచ్ నప్పొచ్చు, అప్పుడు పై గొట్టం మీద నిలబడి చూసుకోండి, కాళ్ల మధ్య కనీసం 2 సెంటీమీటర్లు ఖాళీ ఉండాల.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారంటే అమ్మే ఆయన్ని మోడల్ పేరు, సంవత్సరం, సైజు అడిగి ఆ పట్టిక మీరే వెతుక్కోండి. సీటు పోస్ట్ మీద కనీస లోతు గీత ఉంటాది, మీ లెక్క ప్రకారం సీటు లేపితే ఆ గీత బయటికి వస్తాదా అనేది కూడా చూడాల. టైరుకి, ఫోర్క్‌కి మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిపించుకోండి. పాత రిమ్ బ్రేక్ ఫ్రేములు చాలావాటిలో 25 మిల్లీమీటర్ల టైరే పడతాది, మన పల్లె రోడ్లకి 28 కనీసం, 32 పడితే ఇంకా మేలు.

నాలుగో పని: సీటు

బండి ఇంటికి వచ్చింది. ముందు ఇప్పుడున్న ప్రతి కొలతా ఒక నోట్‌బుక్‌లో రాసి, సీటు పోస్ట్ మీద ఇన్సులేషన్ టేపుతో గుర్తు పెట్టుకోండి, వెనక్కి పోవాలంటే దారి ఉండాల కదా. తర్వాత సీటు ఎత్తు లెక్క ప్రకారం పెట్టండి. సరిచూసుకోడానికి పాత పద్ధతి: గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాల, నడుం పక్కకి ఒరగకూడదు. ఆ తర్వాత పాదం ముందు భాగం పెడల్ మీదికి తెస్తే మోకాలు రవ్వంత వంగి ఉంటాది. ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఫోన్‌ని సీటు ఎత్తులో పక్కనుంచి పెట్టి వీడియో తీయండి, తుంటి ఎముక మీద, మోకాలి పక్కన, చీలమండ మీద చిన్న స్టిక్కర్లు అంటిస్తే కోణం గీసి చూసుకోడం సులువు. మా ఇంట్లో కుంకుమ బొట్లు పెట్టుకుని తీసినాం, బాగానే కనపడ్డాయి.

నొప్పి ఎక్కడుందో దాన్నిబట్టి కూడా తెలుస్తాది. మోకాలి చిప్ప ముందు నొప్పి ఉంటే సాధారణంగా సీటు కిందికి ఉన్నట్టు, లేకుంటే మరీ ముందుకి ఉన్నట్టు. మోకాలి వెనక గుంతలో లాగుతుంటే సీటు ఎక్కువ లేచినట్టు. తొక్కుతుంటే పిరుదులు అటూ ఇటూ ఊగుతున్నాయని వెనక వచ్చే స్నేహితుడు చెప్తే అదీ ఎక్కువ ఎత్తే. ఒకేసారి సెంటీమీటరు మార్చొద్దు, 2, 3 మిల్లీమీటర్లు మార్చి రెండు రైడ్లు పోయి చూడండి. ఒకసారికి ఒకటే మార్పు, రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలీదు.

సీటు ముందుకీ వెనక్కీ ఎంత అంటే, పెడళ్లు రెండూ నేలకి సమాంతరంగా పెట్టి ముందున్న మోకాలి చిప్ప కింది గట్టి భాగం నుంచి గుండు దారం వదలండి, మేస్త్రీల దగ్గర ఉంటాది, లేకుంటే దారానికి పెద్ద నట్టు కట్టుకోండి. దారం పెడల్ ఇరుసు మీదుగా పోతే మొదలుపెట్టడానికి అది సరైన చోటు. ఇది శాస్త్రం ఏమీ కాదు, మొదలుపెట్టే చోటు మాత్రమే, కొందరికి సెంటీమీటరు వెనక్కి ఉంటేనే చేతుల మీద బరువు తగ్గుతాది. చేతుల మీద బరువు పడుతోందని సీటుని హ్యాండిల్ వైపు జరిపేవాళ్లు ఉన్నారు, దాంతో ఒళ్లు ముందుకి వాలి చేతుల మీద ఇంకా బరువు పడుతుంది, మోకాళ్లు కూడా పోతాయి. హ్యాండిల్ దూరమైతే స్టెమ్ మార్చాల, సీటు కాళ్ల కోసం పెట్టేది.

సీటు వాలు రసమట్టంతో చూసుకోండి, ఫోన్లో ఉండే లెవెల్ అయినా చాలు. సమంగా పెట్టి, మెత్తని చోట ఒత్తిడి, తిమ్మిరి ఉంటే ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించండి. అంతకంటే దించితే ముందుకి జారుతూ ఉంటారు, మళ్లీ చేతుల మీదికే వస్తాది. పైన జెల్ కవర్ వేసుకోవద్దు, అది మొదటి పది కిలోమీటర్లు హాయిగా ఉంటాది, తర్వాత ఎముకలు లోపలికి దిగబడి మధ్యలోది పైకి పొంగి నరాల మీద నొక్కుతాది. సరైన వెడల్పు ఉన్న గట్టి సీటు, ప్యాడ్ ఉన్న షార్ట్స్, లోపల ఇంకేమీ వేసుకోకుండా. ఈ ఆఖరి మాట కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు, సిగ్గుపడి అడగరు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడేది అందుకే.

ఐదో పని: చేతులు

హ్యాండిల్ వెడల్పు భుజాల ఎముకల కొలతకి దగ్గరగా, 38, 40, 42 సెంటీమీటర్లలో దొరుకుతాయి. ఆడవాళ్లకి, సన్నగా ఉండే పిల్లలకి బండితో వచ్చే 42 చాలాసార్లు ఎక్కువ, మార్పించుకోండి. హుడ్స్ (బ్రేక్ లివర్ల మీది రబ్బరు పట్టు) మీద చెయ్యి పెట్టినప్పుడు మణికట్టు మడత పడకుండా ముంజేయి, అరచేయి ఒకే వరసలో ఉండాల, మోచేతులు రవ్వంత వంగి ఉండాల, నిటారుగా కట్టెల్లాగ ఉంటే రోడ్డు అదురంతా భుజాలకి, మెడకి వస్తాది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి బయటి వైపు పోయే అల్నార్ నరం నలుగుతున్నట్టు, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు నడుమ పోయే నరం. రెండిటికీ మొదట చూడాల్సింది బరువు ఎందుకు చేతుల మీద పడుతుంది అని, గ్లవ్స్ తర్వాత. పది నిమిషాలకోసారి చేతుల చోటు మార్చడం అలవాటు చేసుకోండి. స్టెమ్ బోల్టులు బిగించే బలం సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, దాని మీదే రాసి ఉంటాది, కార్బన్ హ్యాండిల్ అయితే టార్క్ రెంచ్ లేకుండా ముట్టుకోవద్దు.

టైరు గాలి గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే సుఖంలో సగం ఇక్కడే ఉంది, ఖర్చేమీ లేదు. 120 పీఎస్ఐ కొట్టించుకుని రాయిలాగ చేసుకునే అలవాటు ఇంకా పోలేదు. 70 కిలోల మనిషికి 28 టైర్లలో వెనక 70 నుంచి 75, ముందు 65 నుంచి 70 పెట్టి చూడండి, గరుకు రోడ్డు మీద వేగం తగ్గదు, చేతులు అదరడం తగ్గుతాది. మరీ తగ్గిస్తే స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్యూబు రిమ్‌కి నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, అలా పడితే 5 పెంచండి. ఎండ లెక్క కూడా వేసుకోవాల: తెల్లవారి 25 డిగ్రీల్లో 75 కొట్టిన టైరు, ఎండెక్కినాక 20 డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి సుమారు 6 పీఎస్ఐ పెరుగుతాది. ఇంక ముళ్లు. కంప చెట్ల ముల్లు, పల్లేరు కాయ, ఈ రెండూ మన రోడ్ల పక్కన ఉన్నంత కాలం రెండు స్పేర్ ట్యూబులు లేకుండా బయల్దేరొద్దు. మూత్రానికి ఆగినా బండిని తారు మీదే నిలబెట్టండి, మట్టిలోకి తోయొద్దు. పంక్చర్ అయితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి ముల్లు తీయాల, తీయకుండా వేస్తే ఐదు నిమిషాల్లో ఆ ట్యూబు కూడా పోతాది.

గేర్ల గురించి ఒక్క మాట. ముందు 50/34, వెనక 11-32 పళ్ల చక్రాలు ఉంటే మన ఘాట్లకి చాలు. 34కి 32 వేసి నిమిషానికి 70 చుట్లు తిప్పితే వేగం సుమారు 9.4 కిలోమీటర్లు, అంటే కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్‌లో కూడా మోకాళ్లు నలగకుండా కూర్చునే ఎక్కొచ్చు, పైన పాలకోవా తినొచ్చు.

ఆరో పని: ఏ నంబర్లు చూడాల

సెట్టింగ్ కుదిరి, రెండు గంటలు కూర్చున్నా ఎక్కడా నొప్పి లేదు అన్నాకే ఇక్కడికి రండి. నొప్పితో తొక్కిన రైడ్‌లో గుండె వేగం, వాట్లు ఏం చెప్పినా ఆ నంబర్లలో సగం నొప్పిదే.

సగటు వేగం చూడొద్దు. మన దగ్గర ఆషాఢం గాలి ఎట్లుంటాదో అందరికీ తెలుసు, ఊరికే గాలిమరలు పెట్టలేదు కదా. గాలి అడ్డుకునే బలం గాలి వేగానికి వర్గంగా పెరుగుతాది, 25లో పోతుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వస్తే ఒంటికి తగిలేది 40. పోయేటప్పుడు 18, వచ్చేటప్పుడు 34 చూసుకుని "ఈరోజు బాగా తొక్కినా" అనుకుంటే అది గాలి తొక్కింది. జూన్‌లో ఒక వేగం, డిసెంబర్‌లో ఒక వేగం, ఒకే కాళ్లు.

మొదటి పనికొచ్చే నంబరు ఖర్చు లేనిది: ఎంత కష్టం అనిపించింది, 1 నుంచి 10లో. పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే 3, 4, ముక్కలు ముక్కలుగా మాట వస్తే 6, 7, మాటే రాకుంటే 9. రైడ్ అయిన అరగంటకి ఆ అంకెని నిమిషాలతో గుణించి నోట్‌బుక్‌లో రాయండి. 90 నిమిషాలు, కష్టం 4 అయితే 360. వారం మొత్తం కూడండి. ఆ వారం మొత్తం ఒకేసారి రెండింతలు చేయకుండా పదో వంతు చొప్పున పెంచుకుంటూ పోండి, నాలుగో వారం తగ్గించండి. నేను వాడే అన్నిటిలో నన్ను ఎక్కువసార్లు కాపాడింది ఇదే.

రెండోది క్యాడెన్స్, నిమిషానికి ఎన్ని చుట్లు. సెన్సార్ లేకుంటే కుడి మోకాలు పైకి వచ్చింది 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. చదును రోడ్డు మీద 80 నుంచి 90 మధ్య ఉంటే చాలామందికి మోకాళ్లు బాగుంటాయి. పెద్ద గేర్ వేసి 60తో తొక్కితే బలం వస్తాది అనుకునే కుర్రాళ్లు రెండు నెలల్లో మోకాలు పట్టుకుంటారు.

మూడోది గుండె వేగం. ఛాతీకి కట్టుకునే పట్టీ కొనండి, తొక్కేటప్పుడు చేతి వాచ్ కంటే నమ్మకంగా ఉంటాది. 220 లోంచి వయసు తీసేసే లెక్కతో జోన్లు (ఎంత కష్టానికి ఎంత గుండె వేగం అనే మెట్లు) పెట్టుకోవద్దు, అది గుంపు సగటు, ఒక్క మనిషికి 10, 15 తేడా రావడం మామూలే. ఇంకా మేలైన పద్ధతి: అరగంట ఒకటే తీరున ఎంత గట్టిగా తొక్కగలరో అంత తొక్కండి, చివరి 20 నిమిషాల సగటు గుండె వేగం రాసుకోండి, అదే మీ థ్రెషోల్డ్‌కి (ఎక్కువసేపు నిలబెట్టుకోగల గట్టి కష్టానికి) దగ్గర. దాంట్లో 81 నుంచి 89 శాతం మధ్య మీ తీరికైన రెండో జోన్. థ్రెషోల్డ్ 165 అయితే 134 నుంచి 147. వారంలో తొక్కే గంటల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉండాల, వారానికి ఒకటో రెండో గట్టి రైడ్లు చాలు. 40 దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ పరీక్షకి ముందు డాక్టర్‌ని కలవాల, ఇందులో వాయిదా పనికిరాదు.

మన ఎండలో గుండె వేగాన్ని చదివే తీరు వేరే. అదే కష్టానికి, అదే రోడ్డుకి, ఉదయం ఆరుకి 138 ఉన్నది తొమ్మిదిన్నరకి 150 అవుతాది. చెమట పోయి రక్తం పరిమాణం తగ్గుతాది, చర్మం చల్లబరచడానికి కూడా రక్తం పంపాల, కాబట్టి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల. అది చూసి ఫిట్‌నెస్ పోయిందని బాధపడొద్దు, 138 కోసం మరీ నెమ్మదించి ఎండలో ఇంకో గంట ఉండడం కూడా తెలివి కాదు, నీడకి చేరి నీళ్లు తాగండి. చెమట ఎంత పోతుందో కొలవడం సులువు, రైడ్‌కి ముందు, తర్వాత బట్టల్లేకుండా తూకం చూసుకోండి. ఏప్రిల్‌లో ఒకసారి నేను 71.0 పోయి 69.6 వచ్చినా, మధ్యలో లీటరున్నర తాగినా, అంటే రెండున్నర గంటల్లో 2.9 లీటర్లు పోయింది, గంటకి లీటరు పైనే. బరువులో 2 శాతం మించి తగ్గితే కాళ్లు, తలకాయ రెండూ మందగిస్తాయి. ఉత్త నీళ్లే తాగుతూ పోవద్దు, ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరుకి ఒకటి, అది లేకుంటే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. తినడానికి నేను చెనిక్కాయల చిక్కీ పెట్టుకుంటా, ఉగ్గాని బజ్జీ మాత్రం తిరిగొచ్చినాకే.

పొద్దున లేచి మంచం దిగకముందు గుండె వేగం కూడా రాయండి. మామూలు కంటే 6, 7 ఎక్కువుంటే నిద్ర చాలలేదనో, జ్వరం వస్తోందనో, నిన్నటి రైడ్ ఇంకా తీరలేదనో అర్థం, ఆ రోజు గట్టిగా తొక్కొద్దు.

పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) విషయం తొందరగా చెప్పేస్తా. 20 నిమిషాల గట్టి పరీక్ష సగటు వాట్లలో 95 శాతం ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగల వాట్లు) అని పెట్టుకుంటారు. ఎఫ్‌టీపీ 200 వస్తే తీరికైన రైడ్లు 112 నుంచి 150 వాట్ల మధ్య. గాలికీ ఎండకీ మోసపోని నంబరు ఇదొక్కటే, అందుకే మంచిదే, కానీ మొదటి ఏడాదే అక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి టైర్లు, షార్ట్స్, నప్పే సీటు కొనండి. పవర్ మీటర్ లేకున్నా ఎత్తు ఎక్కే రోడ్డు మీద అంచనా వేసుకోవచ్చు: మనిషి, బండి కలిపి 80 కిలోలు, 200 మీటర్ల ఎత్తుని 20 నిమిషాల్లో ఎక్కితే బరువు లేపడానికే 131 వాట్లు, గాలి, టైరు రాపిడి దానికి అదనం. గండికోట ఎక్కేవాళ్లు, గువ్వలచెరువు ఎక్కేవాళ్లు మీ కంప్యూటర్ చూపించే ఎత్తుతో ఈ లెక్క వేసి నెలనెలా పోల్చుకోండి.

ఎక్కువ దూరం పోవాలనుకునేవాళ్లకి ఒక సంగతి. 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌కి) ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు. ఆగే టైం కలిపి గంటకి 15 పోతే చాలు. అక్కడ మధ్యలో దిగిపోయేవాళ్లలో చాలామందిని ఆపేది ఊపిరి కాదు, అరచేతులు, మెడ, సీటు పుండ్లు, కడుపు. అందుకే ఇంతసేపు సీటు గురించి చెప్పినా.

చివరి పని: ఒకే రోడ్డు, ఒకే పరీక్ష

ఆరు వారాలకోసారి ఒకే రోడ్డు మీద పరీక్ష పెట్టుకోండి. సిగ్నళ్లు, ఊళ్లు తక్కువుండే రోడ్డు కావాల. నేను తాడిపత్రి రోడ్డులో బుక్కరాయసముద్రం దాటినాక మొదలుపెడతా, కర్నూలు వాళ్లు ఓర్వకల్లు వైపు చూసుకోవచ్చు, హైవే మీద అయితే షోల్డర్ వదలకుండా, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించి. కోతలప్పుడు రోడ్డు మీద జొన్నలు, కంది కట్టె ఆరబోస్తారు, ఆ నెలల్లో ముందురోజు ఒకసారి చూసి రండి, గడ్డి మీద సన్న టైరు జారితే లేచేది కష్టం. ఉదయం ఆరుకి, ముందురోజు విశ్రాంతి, టైరు గాలి అదే, తిండి అదే. పోయేటప్పుడు 20 నిమిషాలు, వచ్చేటప్పుడు 20 నిమిషాలు, గుండె వేగం రెండో జోన్ పై అంచున ఆపి, రెండు దూరాలూ కలిపి రాయండి, అట్లా గాలి చాలావరకు కొట్టుకుపోతాది. పక్క గడిలో సీటు ఎత్తు, స్టెమ్ పొడవు, స్పేసర్లు ఎన్ని, ఎక్కడైనా నొప్పి ఉందా అని కూడా రాయాల. నా నోట్‌బుక్‌లో 52 ఫ్రేమ్ మీద మొదటి పరీక్ష దగ్గర ఉన్నది: సీటు 68.7, స్టెమ్ 90, స్పేసర్లు రెండు, గుండె 146, దూరం 17.8, చేతులు బాగున్నాయి.